ఒక్క మాట చేర్చాలంటే

"ఈ లైన్లో ఒక్క మాట చేర్చండి, చాలు." సీసపు అక్షరాల రోజుల్లో రచయిత ప్రూఫు (తప్పులు చూసుకోడానికి తీసే అచ్చు) పట్టుకుని ఈ మాట అంటే అక్షరాలు పేర్చే కంపోజిటరు మొహం ఎందుకు ముడుచుకునేదో ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకు చెప్పినా సగమే ఎక్కుతుంది. ఇప్పుడు కర్సరు పెట్టి టైపు చేస్తే పక్క మాటలు వాటంతట అవే జరుగుతాయి. అప్పుడు జరపాల్సింది మనిషి, అదీ ఒక్కో లైనుగా.

పని ఇలా ఉండేది. మాట చేర్చమన్న లైను అప్పటికే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండి ఉంటుంది. కొత్త మాట పట్టాలంటే చివరి మాటను కింది లైనుకు తొయ్యాలి. కింది లైనూ నిండే ఉంది కనక దాని చివరి మాట ఇంకో లైను కిందికి పోవాలి. పేరా ఆఖరి లైన్లో ఖాళీ దొరికేదాకా ఇదే వరస. ప్రతి లైనునూ గేలీ (పేర్చిన లైన్లు పెట్టే పళ్ళెం) మీంచి స్టిక్కు (లైను పేర్చే చేతి చట్రం)లోకి ఎత్తుకుని, మాటల మధ్య స్పేసులు తీసి, వేరే మందం స్పేసులు వేసి మళ్ళీ బిగించాలి. పేరా ఆఖరి లైను కూడా నిండుగా ఉంటే కొత్త లైను ఒకటి పుడుతుంది. పేజీలో ఒక లైను ఎక్కువైతే అది పక్క పేజీకి, అక్కడిది ఆ పై పేజీకి. పేజీలు కట్టేశాక గనక ఈ కోరిక వచ్చిందా, అధ్యాయం చివరిదాకా ప్రతి పేజీ దారం విప్పాల్సిందే.

అందుకే ప్రూఫులు రెండు రకాలు ఉండేవి. మొదటిది గేలీ ప్రూఫు, పేజీలుగా విడగొట్టకముందు తీసే పొడుగాటి కాగితం. చేర్పులైనా తీసివేతలైనా అక్కడే చూసుకోవాలి. తర్వాత వచ్చే పేజీ ప్రూఫులో అక్షరదోషాలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు. ప్రెస్సు సంగతి తెలిసిన రచయితలు పేజీ ప్రూఫులో మాట మార్చక తప్పకపోతే, పక్కనే అంతే పొడుగున్న ఇంకో మాటను కొట్టేసేవారు. అక్షరాలు లెక్కపెట్టి మరీ. అలాంటాయన పుస్తకం వస్తే కంపోజింగు గదిలో సణుగుడు వినపడేది కాదు. దిద్దుబాటుకు ఖరీదు ఉంది కనక కంపోజిటరు మాటకూ కాస్త విలువ ఉండేది. ఆ తర్వాత వచ్చిన యంత్రాల్లో చాలావరకు ముందు తగ్గించింది ఈ ఖరీదునే. పనివాళ్ళ బతుకుల్లో మార్పు దాని వెనకాలే వచ్చింది. కనీసం నాకు కనిపించే వరస అది.

స్టిక్కు ఎడమ చేతిలో ఉంటుంది. డెమ్మీ సైజు పుస్తకమైతే దాని వెడల్పు 24 ఎమ్‌లకు, అంటే సుమారు 4 అంగుళాలకు పెట్టి బిగిస్తారు. 12 పాయింట్ల ఎమ్ ఒక్కటి అంగుళంలో ఆరో వంతు. కుడిచెయ్యి కేసు (అక్షరాలుండే గళ్ళ పెట్టె)లోంచి అక్షరం తెస్తుంటే ఎడమ బొటనవేలు అప్పటిదాకా పేర్చిన చివరి అక్షరాన్ని ఒరిగిపోకుండా అదిమి పట్టుకుంటుంది. టైపు, అంటే సీసపు దిమ్మ, దాని మీద అక్షరం అద్దంలోలా తిరగబడి ఉంటుంది. దాన్ని తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేరుస్తారు. అంటే కంపోజిటరు రోజంతా చదివే తెలుగులో తలకట్టు కింద ఉంటుంది, వత్తు పైన ఉంటుంది. కొన్నాళ్ళకు కన్ను దానికే అలవాటుపడి, మామూలు పుస్తకం కన్నా పేర్చిన సీసాన్నే వేగంగా చదివే పెద్దవాళ్ళు ప్రతి ప్రెస్సులోనూ ఒకరో ఇద్దరో ఉండేవారు.

ప్రతి టైపు ఒంటి మీదా ఒక గాడి ఉంటుంది. పేర్చిన లైన్లో గాడులన్నీ ఒకే గీతలా కనిపిస్తే అక్షరాలన్నీ సరిగ్గా నిలబడ్డట్టు. ఒక్కచోట గీత తెగిందంటే అక్కడ అక్షరం తిరగబడిందన్నా అర్థం, వేరే సైజు టైపో వేరే ఫౌండ్రీ (టైపు పోతపోసే కార్ఖానా) టైపో కలిసిందన్నా అర్థం. చదవకుండానే తప్పు పట్టే పద్ధతి అది.

లైను బిగువు అందం కోసం మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు. లైను వదులుగా ఉంటే మిషను నడిచేటప్పుడు సిరా రోలరు జిగటకు అక్షరం పైకి లేచి వచ్చేస్తుంది. అది ఫారం (అచ్చుకోసం ఒకటిగా బిగించిన పేజీలు) మీద పడి నలిగితే చుట్టుపక్కల నాలుగైదు అక్షరాల మొహాలు పోతాయి. మరీ బిగిస్తే ఇంకో తంటా, పొరుగు లైన్లు వదులైపోతాయి. అందుకే మాటల మధ్య వేసే స్పేసుల్లో ఎమ్‌లో మూడో వంతు, నాలుగో వంతు, ఐదో వంతు అని రకాలు. తెలుగులో సంధులు కలిసి మాటలు పొడుగవుతాయి, లైనుకు నాలుగో ఐదో సందులే ఉంటాయి. సర్దుబాటంతా ఆ నాలుగైదు సందుల్లోనే జరగాలి. ఇంగ్లీషు కంపోజింగు నుంచి తెలుగుకు మారినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే.

రెండో తడబాటు కేసులు. ఇంగ్లీషుకు పెద్దక్షరాల కేసు ఒకటి, చిన్నక్షరాల కేసు ఒకటి ఎదురుగా పెట్టుకుంటే పని నడుస్తుంది. తెలుగుకు అచ్చులు, హల్లులు, చాలా గుణింతాలకు విడివిడి పోతలు, ఆపైన వత్తులు. గళ్ళు వందల్లోకి పోతాయి. ను, ని, కు, లు, ది, గా వంటివి చేతికి దగ్గర్లో, ఘ, ఛ, ఝ బాపతు మూలల్లో. ఏ గడిలో ఏముందో గడి మీద రాసి ఉండదు. చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

అక్షరాలు అయిపోవడం ఇంకో రోజువారీ గొడవ. బహువచనాలు ఎక్కువున్న వ్యాసం వచ్చిందంటే 'లు' గడి ఖాళీ. అప్పుడు పని ఆపరు. అదే మందం ఉన్న ఇంకో అక్షరాన్ని బోర్లా, పాదం పైకి వచ్చేలా పెట్టి ముందుకు సాగుతారు. టైపు పాదం మధ్యలో గాడి ఉంటుంది కనక ప్రూఫులో అక్కడ రెండు నల్లటి అడ్డగీతలు పడతాయి. ఆ గీతలు చూసి రచయితలు బెంబేలెత్తేవారు. అది తప్పు కాదు, "ఇక్కడ లు రావాలి, ఇంకో ఫారం అచ్చయ్యాక వేస్తాం" అని చెప్పే గుర్తు. ఒక ఫారం అచ్చయి, టైపు విడగొట్టి గళ్ళలో వేస్తేగానీ తర్వాతి ఫారం కూర్పు పూర్తికాదు. అందుకే 16 పేజీల ఫారం లెక్కన పుస్తకం నడిచేది. పబ్లిషర్లు ఇప్పటికీ పుస్తకాన్ని "ఎన్ని ఫారాలు?" అనే అడుగుతారు.

విడగొట్టే పనికి డిస్ట్రిబ్యూషన్ అని పేరు. అచ్చయిన ఫారాన్ని కిరోసిన్, బ్రష్షుతో కడిగి, ఆరాక నాలుగేసి లైన్లు ఎడమ చేతిలోకి తీసుకుని, మాట చదివి, అక్షరాలను ఒక్కొక్కటిగా వాటి గళ్ళలో వదలాలి. కూర్పుకు పేజీ లెక్కన డబ్బు లెక్కగట్టే చోట్ల దీనికి విడిగా కూలి ఉండేది కాదు, పేజీ రేటులోనే కలిసిపోయేది. అందుకని ఎక్కువగా కొత్త కుర్రాళ్ళ నెత్తిన పడేది. విసుగు పని. కానీ కేసు నేర్చుకునే బడి అదే. వెయ్యి సార్లు 'ధ'ను దాని గడిలో వదిలిన చెయ్యి వెయ్యిన్నొకటోసారి చూడకుండా తీసుకురాగలదు. కుర్రాడు 'ధ'ను 'ద' గడిలో వేశాడంటే ఆ ఫలితం వారం తర్వాత ఇంకొకరి ప్రూఫులో తేలేది. కంపోజిటరు అక్షరం మొహం చూసి తియ్యడు, గడి చూసి తీస్తాడు. తిట్లు మాత్రం కంపోజిటరుకే.

తర్వాత ఇంపోజిషన్, అంటే పేజీలను ఫారంలో అమర్చడం. 16 పేజీల ఫారంలో షీటు ఒక వైపున పక్కపక్కన తలలు ఆనుకుని పడుకునే పేజీలు, మడత పెట్టాక వరసలోకి రావాలి. వెన్ను దగ్గర కలిసే రెండు పేజీల సంఖ్యలు కలిపితే ఎప్పుడూ 17. 1 పక్కన 16, 8 పక్కన 9. తప్పు పట్టడానికి ఫోర్‌మన్లకు ఈ కూడిక చాలు. పేజీల మధ్య చెక్కలు వేసి, చేజు అనే ఇనుప చట్రంలో పెట్టి, కాయిన్లు అనే బిగింపు చీలలను తాళంతో బిగిస్తారు. ఒక్కసారిగా ఒకే మూల బిగించకూడదు. చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా బిగించాలి, లేకపోతే ఫారం నడుమ ఉబ్బుతుంది. చివర్లో ఒక మూల కింద తాళం పెట్టి కాస్త లేపి, వేళ్ళతో పేజీలను అదిమి చూస్తారు. ఏ అక్షరమైనా కిందికి దిగితే ఆ లైను వదులన్నమాట. ఈ పరీక్ష ఎగ్గొట్టి ఫారాన్ని ఎత్తితే నాలుగు రోజుల పని నేలపాలు.

ఈ పనిలో ఆరోగ్యం ఎలా ఉండేదో కూడా చెప్పాలి. టైపులో ఎక్కువ భాగం సీసం, గట్టిదనానికి ఆంటిమొనీ, పోత సాఫీగా సాగడానికి తగరం. కేసు అడుగున పేరుకునే బూడిదరంగు దుమ్ములో సీసమే ఉంటుంది. దాన్ని నోటితో ఊదడం అందరికీ అలవాటు, అందరూ చెయ్యొద్దని చెప్పుకునే అలవాటు కూడా. చేతులు కడుక్కోకుండా టీ తాగడం అంతకన్నా చేటు. రోజంతా నిలబడి చేసే పని కాబట్టి కాళ్ళలో నరాలు ఉబ్బేవి. ట్రెడిల్ అనే చిన్న అచ్చు మిషను మీద కాగితం పెట్టేవాళ్ళకు వేళ్ళ భయం. గంటకు వెయ్యి కాగితాల వేగంలో, ఒక చెయ్యి కొత్తది పెడుతుంటే ఇంకో చెయ్యి అచ్చయింది తీస్తుంది. వంకరగా పడ్డ కాగితాన్ని సర్దబోవడమే ప్రమాదం. దాన్ని వదిలేసి, అచ్చు పడకుండా పక్కనున్న మీట లాగాలి. పాతరోజులు బంగారం అనేవాళ్ళు ఆ కాళ్ళనూ ఆ వేళ్ళనూ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇంగ్లీషు పత్రికలకు విడగొట్టే చాకిరీ చాలా ముందే తప్పింది. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో ఓట్మర్ మెర్గెంథేలర్ లైనోటైపు పెట్టారు. 90 మీటల కీబోర్డు మీద కొడితే లైను మొత్తం ఒకే సీసపు కడ్డీగా పోతపోసి ఇస్తుంది. అచ్చయ్యాక కరిగించెయ్యడమే. దిద్దుబాటు మాత్రం మరో రకంగా కష్టం, ఒక్క అక్షరం తప్పైనా లైనంతా మళ్ళీ పొయ్యాలి. మన అక్షరాల సంఖ్య ఆ మీటల్లో అంత తేలిగ్గా ఇమిడేది కాదు. తెలుగు పుస్తకాల ప్రెస్సుల్లో చేతి కూర్పు అన్ని దశాబ్దాలు బతికిందంటే ప్రేమతో కాదు, గుణింతాల పుణ్యాన.

రేకు ప్లేటుతో అచ్చువేసే ఆఫ్‌సెట్, ఫొటోటైపుసెట్టింగు వచ్చాక సీసం పక్కకు పోయింది. అక్షరాలు బ్రొమైడు కాగితం మీద ఫొటోగా వచ్చేవి. డార్క్‌రూములో కడిగి, ఆరబెట్టి, లైటు టేబులు మీద బ్లేడు, స్కేలు, జిగురుతో పేజీ అంటించాలి. తప్పు దొరికితే ఆ మాట మళ్ళీ తీయించి, బియ్యపుగింజంత ముక్క కోసి పాతదాని మీద అంటించేవారు. వంకరగా అంటిస్తే లైను ఎక్కడం దిగడం కనిపిస్తుంది. పేజీని ఫిల్ము తీసినప్పుడు ముక్క అంచు నీడ సన్నటి గీతగా పడితే దాన్ని రంగు పూసి కప్పాలి. జిగురు ఎండితే ముక్క రాలిపోతుంది, పేజీలో మాట ఉండాల్సిన చోట ఖాళీ. కొన్ని ప్రెస్సుల్లో పాత కంపోజిటర్లకు ఇక్కడ కొంతకాలం చోటు దొరికింది. కన్నుకు బిగువు తెలుసు, చేతికి నిదానం తెలుసు. మిగిలినవాళ్ళు ప్రూఫు రీడింగుకో బైండింగుకో మళ్ళారు. టైపు తూకానికి పోయింది.

1985లో కంప్యూటర్లో పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఆల్డస్ పేజ్‌మేకర్, లేజర్ ప్రింటరు యాపిల్ లేజర్‌రైటర్ వచ్చాయి. మన ఊళ్ళలో డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) సెంటర్ల బోర్డులు వెలిసింది ఆ తర్వాతే. కీబోర్డు మీదికి వచ్చినవాళ్ళు ఎక్కువగా టైప్‌రైటింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు పాసైన కుర్రాళ్ళు, అమ్మాయిలు. సీసం గదిలో దాదాపు కనిపించని ఆడవాళ్ళు ఈ గదిలో సగం కుర్చీల్లో కూర్చున్నారు. ఇది మంచి మార్పు, దీన్ని చిన్నచూపు చూసిన పాత ఫోర్‌మన్లు పొరబడ్డారు. కానీ కుర్రాళ్ళు కేసు నేర్చుకునే బడి పోయింది కదా, దాంతోపాటు పెద్దవాడి పక్కన నిలబడి భాష నేర్చుకునే అవకాశమూ పోయింది. వేళ్ళ వేగం ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది, 'శ్మశానం'లో ఏ శ వస్తుందో చెప్పే మనిషి గదిలో లేడు.

ఆ కాలపు తెలుగు ఫాంటులు వాటి తిప్పలు అవి పెట్టేవి. ఫాంటుకు 256 గళ్ళు, అందులో కొన్ని కంప్యూటరు సొంతానికే పోతాయి. వందల గళ్ళ తెలుగు కేసును ఇందులో కుక్కాలంటే అక్షరాన్ని ముక్కలు చేయాల్సిందే. అక్షరం ఒళ్ళు ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. తెర మీద బాగానే కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే మాత్రం ఫ్రెంచివో జర్మన్‌వో గుర్తులు బారులు తీరతాయి. శ్రీలిపి, అనూ అని రెండు తెలుగు ఫాంటుల సాఫ్ట్‌వేర్లు; శ్రీలిపిలో చేసింది అనూలో తెరుచుకోదు. అనూ ఆరో వెర్షన్ ఫైలుకు ఏడో వెర్షన్ ఫాంటు వేస్తే అక్కడక్కడ వత్తులు మారిపోతాయి. ఈ అక్కడక్కడ అనేది ప్రమాదకరం. అంతా పాడైతే వెంటనే తెలుస్తుంది, పేజీకి రెండు పాడైతే అచ్చయ్యాక తెలుస్తుంది.

ఖర్చు తగ్గించుకునే ఒకే రంగు పుస్తకాలకు ఫిల్ము తీసేవారు కాదు. లేజర్ ప్రింటర్లో ట్రేసింగు కాగితం మీద అద్దంలో ప్రతిబింబంలా తిప్పి తీసేవారు. నల్లపొడి ఉన్న వైపు ప్లేటుకు ఆనితేనే అంచులు పదునుగా వస్తాయి, అందుకు తిప్పడం. ప్రింటరు వేడికి ట్రేసింగు ముడుచుకుంటే పేజీ కొలతలో మిల్లీమీటరు తేడా వచ్చి, మడతలో పేజీ నంబర్లు ఎగుడుదిగుడుగా కూర్చుంటాయి.

ఇప్పుడు అచ్చుతప్పుల సంగతి. తప్పును చూసి ఆ పుస్తకం ఏ యంత్రంలో పుట్టిందో చెప్పొచ్చు. తలకిందులైన అక్షరం, లైను మధ్యలో వేరే సైజు అక్షరం, 'థ'లో చుక్క సిరాతో పూడిపోవడం, 'ధ' కింది గీత విరిగి 'ద' కావడం సీసానివి. ఒకే పేరా రెండుసార్లు రావడం, పేజీ ఆఖరి లైన్లు మాయం కావడం డీటీపీవి. టెక్స్టు పెట్టె నిండిపోయి మిగిలింది లోపల దాక్కుంటే పెట్టె అడుగున చిన్న ఎర్రటి త్రికోణం కనిపిస్తుంది, దాన్ని చూడకపోతే అంతే. అన్నిటికన్నా చమత్కారమైనవి వెతికి మార్చు ఆదేశం తెచ్చే తప్పులు. పుస్తకమంతా 'రాజు'ను 'రాజా' చేయమంటే 'తరాజు' కూడా 'తరాజా' అవుతుంది. ముక్కల ఫాంటుల్లో ఇంకా ఘోరం, మాట కళ్ళెదురుగా ఉన్నా వెతికితే దొరకదు, ఒకచోట గుడి ముందు కొట్టి ఇంకోచోట తర్వాత కొట్టి ఉంటారు కనక. ఇక ఫోనుకు చెప్పి రాయించే ఇప్పటి ప్రతుల్లో అక్షరదోషం అరుదు. 'కథ' కాస్తా 'కద' అవుతుంది. రెండూ మాటలే, కన్ను ఆగదు. ప్రూఫు రీడరుకు ఇదే కష్టతరం. పాత రీడరు అక్షరం చూస్తే చాలు, ఇప్పటి రీడరు అర్థం చూడాలి, జీతం మాత్రం పేజీ లెక్కే.

ఏ కంప్యూటర్లోనైనా అక్షరం ఒకేలా తెరుచుకునేలా ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చే పద్ధతి యూనికోడ్. దాని మొదటి వెర్షన్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అందుకే ప్రెస్సులు ఏళ్ళ తరబడి పాత ఫాంటుల్లోనే ఉండిపోయాయి. రచయిత తన కథను తానే యూనికోడ్‌లో కొట్టి పంపుతాడు, ఆపరేటరు దాన్ని అనూలోకి మార్చి పేజీ పెడతాడు, ఈ-పుస్తకానికి మళ్ళీ యూనికోడ్‌లోకి మారుస్తాడు. కూర్చే పని పోయి మార్చే పని మిగిలింది. కన్వర్టరు క్రావడి వత్తు దగ్గరా, మూడు హల్లులు కలిసే చోటా, మధ్యలో ఇంగ్లీషు మాట వచ్చినచోటా తప్పుతుంది. నేరుగా యూనికోడ్‌లో పేజీ పెట్టేవాళ్ళు ఇన్‌డిజైన్ అనే పేజీల సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే వత్తులన్నీ విడిపోయి పొల్లులుగా నిలబడతాయి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో 'ట్' తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు వెయ్యకపోతే 'వ' కూడా వెళ్ళి 'ట'తో పాటు 'ఫ' కింద వత్తుగా కూర్చుంటుంది. పాత కంపోజిటరుకు స్పేసుల మందాలు తెలిసినట్టే ఇప్పటివాళ్ళకు ఇది తెలియాలి. తెలిసినవాళ్ళు తక్కువ.

దిద్దుబాటు ఉచితమయ్యాక రచయితల అలవాట్లు మారిపోయాయి. రాతప్రతిని శుభ్రం చేసి పంపే పని మానేసి, ప్రూఫులోనే పుస్తకం రాయడం మొదలుపెట్టారు. మూడో ప్రూఫులో కొత్త పేరాలు, ఐదో ప్రూఫులో అధ్యాయాల వరస మార్పు, ప్లేట్లకు పోయే రాత్రి వాట్సాప్‌లో ఎర్ర గీతలు గీసిన ఫొటోలు. ఫొటో సగం కోసుకుపోయి ఏ పేజీయో తెలియదు. కాళ్ళ వాపు పోయి మెడనొప్పి, కళ్ళమంట వచ్చాయి. "కర్సరు పెట్టి కొట్టడమే కదా" అనే మాటకు ఆపరేటరు దగ్గర జవాబు లేదు, నిజంగానే కర్సరు పెట్టి కొట్టడమే. కాకపోతే ఒక్క పేరా చేరితే పేజీ నంబర్లు, విషయసూచిక, బొమ్మల చోటు, ఫారం లెక్క అన్నీ మళ్ళీ చూడాలి. 160 పేజీల పుస్తకం 161 అయిందంటే ఆ ఒక్క పేజీ కోసం అదనంగా కాగితం, అదనంగా ప్లేటు. పేజీకి లైను పెంచో, అక్షరం అర పాయింటు తగ్గించో మళ్ళీ 160కి లాగాలి. ఇది చేసేది మనిషే.

కొందరు డీటీపీ వాళ్ళు ఈ మధ్య పని ఒప్పుకునేటప్పుడే మూడు షరతులు రాసిస్తున్నారు. ప్రతి యూనికోడ్‌లోనే ఇవ్వాలి. దిద్దుబాట్లు అచ్చుతీసిన ప్రూఫు మీదో, పీడీఎఫ్ కామెంట్లలోనో అన్నీ ఒక్కసారే ఇవ్వాలి, విడివిడి మెసేజీలు చెల్లవు. రెండు ప్రూఫులు మామూలు రేటులో, మూడో ప్రూఫు నుంచి పేజీకి ఇంత. రచయితలు గొణుగుతున్నారు, రెండో ప్రూఫును మాత్రం పెన్ను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి పంపుతున్నారు.